వెనక స్పీకర్లు

"వెనక స్పీకర్లే ప్రాణం తమ్ముడూ" అన్నాడు షాపాయన.

మనీలా, కియాపో బజారు. ప్రతి షాపూ ఒక్కో పాటను అరుస్తోంది. హోమ్ థియేటర్ కొనడానికొచ్చి, ఆ గోలలోనే చెవులు రిక్కించి నిలబడ్డాడు ఎలిసియో.

"ముందువి మాటలు చెప్తాయి. వెనకవి వాన కురిపిస్తాయి. ఇంతకీ ఇంట్లో ఎవరెవరు చూస్తారు?"

"చూడ్డానికి కాదు. మా అమ్మకి చూపు పోయింది. పొద్దంతా ఒక్కతే ఉంటుంది. చుట్టూ మనుషులున్నట్టుండాలి."

షాపాయన నేలమీద నిలబెట్టే పెద్ద జతను పక్కకు నెట్టేశాడు.

"తడుముకుంటూ నడిచే మనిషికి ఇవి కాళ్ళకడ్డం. ఈ చిన్నవి తీసుకో. మంచం వెనక గోడకి, చెవులకన్నా కాస్త పైన బిగించు. మంచం మాత్రం గోడకి ఆనించకు. గది మధ్యకి లాగు."

ఎలిసియో అవే కొన్నాడు.

మనీలా పక్కనే పసిగ్‌లో వాళ్ళది వరసిళ్ళలో ఒకటి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్క చెక్కగోడ.

అట్టపెట్టెలు దించుతుంటే పక్కింటి లుసెల్ గుమ్మంలోకి వచ్చింది.

ఆమెకు కాల్ సెంటర్‌లో రాత్రి ఉద్యోగం. ఎర్రబడ్డ కళ్ళతో తెల్లారి వచ్చి తలుపేసుకుంటుంది. వీధిలో ఎవరితోనూ కలవదు. ఎలిసియోకి ఆమె అంటే గిట్టదు. 'అలాంటి వాళ్ళతో మనకెందుకమ్మా, పలకరించినా పలకొద్దు' అని తల్లికి గట్టిగా చెప్పి ఉంచాడు.

"అన్నా, అవి ఏ గోడకి?" అడిగింది లుసెల్.

"మా గోడకి."

"ఈ నడిమి గోడకి మాత్రం వద్దన్నా. అటువైపు పెట్టుకోరాదూ?"

"ఏం? పట్టపగలు నీ నిద్ర పాడవుతుందా?"

ఆమె ఏదో చెప్పబోయింది. లోపల్నించి అతని తల్లి పురింగ్ గట్టిగా దగ్గింది.

"అవును... నిద్ర కోసమే" అంది లుసెల్ మెల్లగా.

"అయితే రాత్రి పడుకో తల్లీ, అందరిలాగా!"

ఎదురింటి అరుగు మీదున్న వాళ్ళు పకపకా నవ్వారు. లుసెల్ లోపలికి వెళ్ళిపోయింది.

అయినా గొడవెందుకని, ఎలిసియో ఆ నడిమి గోడ పొడవునా మందపాటి స్పాంజి అతికించాడు. దానిమీద స్పీకర్లు బిగించాడు. గోడకు ఆనుకుని ఉన్న మంచాన్ని గది మధ్యకి లాగాడు.

ఒకసారి తల్లి తడుముకుంటూ వీధిలోకి వెళ్ళి కాలవలో పడింది. అప్పట్నుంచీ అతను బయట తాళం వేశాకే పనికి వెళ్తున్నాడు. స్పీకర్లు బిగించిన మర్నాడు సినిమా పెట్టి, తాళం వేసి, మొదటిసారి మనసు తేలికై వెళ్ళాడు.

"ఎలా ఉందమ్మా?" సాయంత్రం రాగానే అడిగాడు.

"బావుంది నాన్నా. నిజంగా వాన పడ్డట్టే ఉంది."

కానీ పోనుపోను గిన్నెలో గంజి గిన్నెలోనే ఉండిపోసాగింది. ఇదివరకు అతను రాగానే ఏదో ఒకటి చెప్పి నవ్వించే మనిషి, ఇప్పుడు అడిగితే తప్ప నోరు విప్పడం లేదు.

మోత చాలడం లేదేమో అనుకున్నాడు ఎలిసియో.

"కప్పుకి ఇంకో జత పెట్టమంటావా అమ్మా? పైనుంచి కూడా వినపడుతుంది."

"వద్దు నాన్నా. చాలు."

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే పక్కింటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇంటి యజమానురాలు ఖాళీ గది ఊడుస్తోంది.

"లుసెల్ ఏదీ?"

"పొద్దున్నే వెళ్ళిపోయింది. సమర్ దీవికి వెళ్ళే పడవెక్కుతానంది. అక్కడ ఏ ఊరో చెప్పలేదు. ఉన్న ఫోన్ నంబరూ తీసేసినట్టుంది."

ఎలిసియోకి కలుక్కుమంది. ఎంతైనా రాత్రంతా కష్టపడే పిల్ల. లోపలికొచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, తప్పు చేశానేమో. ఈ మోతకి పాపం పక్కింటి పిల్ల నిద్ర లేక ఇల్లు ఖాళీ చేసేసింది."

పురింగ్ చేతిలోని జపమాల ఆగిపోయింది.

"వెళ్ళిపోయిందా?"

"పొద్దున్నే."

"అది కట్టెయ్యి నాన్నా."

అతను సినిమా ఆపేశాడు. ఆవిడ లేచి తడుముకుంటూ గోడ దాకా వెళ్ళింది. స్పాంజి మీద అరచెయ్యి ఆనించింది.

"నువ్వు కోప్పడతావని నేనే చెప్పనివ్వలేదు" అంది.

"ఏంటమ్మా?"

"ఆ పిల్ల పగలు ఎప్పుడు పడుకుంది గనక? రాత్రంతా పని చేసొచ్చి, నువ్వు ఇల్లు చేరేదాకా, ఈ గోడకి అటుపక్క ఆనుకు కూచుని నాతో కబుర్లు చెబుతూ ఉండేదిరా."