పైకెక్కని ఆయిల్

ఇంజన్ టకటకలాడుతూనే ఉంది.

డిపో మెకానిక్ పొద్దుటి నుంచి మూడోసారి వాల్వుల ట్యాపెట్లు సరిచేశాడు. అది పది నిమిషాలు ఊరుకుని, అలిగిన మనిషి వంటింట్లో గిన్నెలు సర్దినట్టు మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ పాత బస్సుకు ఏటా ఇదే తంతు. వాల్వులను నొక్కే రాకర్లు అరిగిపోవడం, తను కొత్తవి వేయడం. ఆ ఇంజన్ జాతకమే అంతని ఏనాడో తేల్చేశాడు. జాతకం ఇంజన్‌దే అయినా, ఎవరో ఒకరి మీద రాయాలి కదా.

రిపోర్టు బల్ల మీద ఉంది. 'డ్రైవరు ఆయిల్ సరిగా చూసుకోలేదు.' సంతకమే తరువాయి.

డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వచ్చే నెలలో పర్మినెంట్ కావలసినవాడు. ఆ సంతకం పడితే ఉద్యోగమే ఉండదు.

"రోజూ పోశానన్నా. ఆయిల్ స్టిక్కు తీసి చూడు, నిండుగా ఉంది."

"ఇవాళ పోసుంటావులే."

ఇంటికెళ్ళి భార్యతో ఏం చెప్పాలో అన్న దిగులొక్కటే డ్రైవరు ముఖంలో ఉంది.

"ఆయిల్ కింద ఉంది బాబూ. పైకెక్కడం లేదు," అంది వెనకనుంచి ఒక ముసలి గొంతు.

మెకానిక్ తల తిప్పలేదు. నడుము పట్టేసింది, ఆకలి ఎప్పుడో చచ్చిపోయింది. సలహాలు చెప్పే పెద్దమనుషులకు మాత్రం కొదవ లేదు.

"నువ్వు మెకానిక్కువా తాతా?"

"కాదు. ఐదారేళ్ళుగా షెడ్లలో సామాన్లు కడుగుతున్నా. ఈ చప్పుడు ఎరుగుదును."

"ఎరిగితే?"

"పై మూత తీసి స్టార్ట్ చేయించండి. రాకర్ల మీద ఆయిల్ చుక్క పడితే నాది తప్పు. పడకపోతే, వాటిని మోసే షాఫ్టును తిరగేసి బిగించినట్టే. ఆయిల్ వచ్చే దాని చిల్లులు కిందికి ఉండాలి."

"ఆ షాఫ్టు బిగించింది నేనే."

"తెలుసు బాబూ. ఆ అబ్బాయి మీద రాసేముందు ఒక్కసారి చూడండి."

"ఇంక దయచెయ్యి తాతా. మా తిప్పలు మమ్మల్ని పడనియ్యి."

చెప్పుల చప్పుడు నెమ్మదిగా గేటువైపు సాగిపోయింది. మెకానిక్ ఆ ముఖమైనా చూడలేదు.

పెన్ను తీశాడు. సంతకం సగం పడ్డాక చెయ్యి ఆగింది. 'తెలుసు' అన్నమాట చెవి దగ్గర ఈగలా తిరుగుతోంది.

విసుక్కుంటూ లేచి మూత విప్పి, డ్రైవరును స్టార్ట్ చేయమన్నాడు.

రాకర్లు పొడిగా కొట్టుకుంటున్నాయి. ఒక్క చుక్క లేదు.

ఇంజన్ ఆపించి చూస్తే, షాఫ్టు చిల్లులు పైకి ఉన్నాయి. ఏటేటా రాకర్లు మార్చి, పాత షాఫ్టును ఉన్నదున్నట్టు మళ్ళీ పెడుతూ వచ్చాడు. మొదటిరోజు చేసిన పొరపాటును ఇన్నేళ్ళూ తన చేత్తోనే జాగ్రత్తగా కాపాడుకున్నాడన్నమాట.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

రిపోర్టు చింపేశాడు.

"తప్పు నీది కాదు తమ్ముడూ, నాది. అలాగే రాస్తాను."

డ్రైవరు బస్సు మెట్టు మీద కూలబడి ముఖం తుడుచుకున్నాడు.

మెకానిక్ గేటు దగ్గరికి పరుగెత్తాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఇందాక వచ్చిన పెద్దాయన ఏడీ?"

"వెళ్ళిపోయాడు సార్," అన్నాడు వాచ్‌మన్. "రోడ్డు మీద ఈ బస్సు చప్పుడు విని, వెతుక్కుంటూ వచ్చాడట."

"ఎక్కడుంటాడో చెప్పాడా? ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలయ్యా."

"చెప్పలేదు. మీరు గుర్తుపట్టలేదా?"

"ఎవరు?"

"ఈ బస్సుకే ఆయిల్ చూసుకోలేదని ఆరేళ్ళ కిందట మీరు రాస్తే ఉద్యోగం పోయిందే, ఆ డ్రైవరే సార్."