అమ్మగారికి జావ

నాలుగు రోజులుగా ముసురు. తొగాషి గెంజురో కాగితం అంటించిన గొడుగులు ఒక్కటీ ఆరలేదు. అవి ఆరితేనే ఆ ఇంట పొయ్యి వెలిగేది.

అయినా పొద్దున్నే పళ్లు కుట్టుకునే పుల్ల నోట్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సమురాయ్ కదా! ఆయన ఏలిక సంస్థానాన్ని దేశాన్నేలే షోగున్ రద్దు చేసి పదేళ్లయింది. కొలువు పోయింది. నడుముకుండే రెండు కత్తుల్లో ఒకటి పోయింది. ఒంటి మీది కండంతా పోయింది. ఏలిక లేని రోనిన్‌గా మా రాజధాని ఎదో పట్నంలో, ఈ ఇరుకు వాడలో వచ్చి పడ్డాడు. పుల్ల మాత్రం పోలేదు. పస్తున్న రోజున కూడా పీకల దాకా తిన్నట్టు కనబడటం వాళ్ల మర్యాద.

"ఏం దొరా, ఇవాళేం విందు?" అని బుట్టలల్లే యసుకె ఎకసెక్కెమాడాడు. వాడు వాడకి వచ్చి నెల కూడా కాలేదు.

"కాల్చిన చేప. ముల్లు ఇరుక్కుంది."

ఆ మాట అంటూనే గెంజురో తూలి గుమ్మం పట్టుకున్నాడు.

పక్కింట్లో చేపలమ్ముకునే ఆవిడ, ఓతకి, అది చూసింది. ఇవాళ కూడా కడుపులో ఏమీ పడకపోతే ఈ మనిషి రేపు లేవడు. పోనీ పిలిచి పెడదామా అంటే, నన్ను ముష్టివాణ్ణి చేస్తావా అని తలుపేసుకునే రకం.

గబగబా ముల్లంగి ఆకు వేసి గిన్నెడు బియ్యపు జావ కాచింది. గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తింది.

"మీక్కాదులెండి దొరా, అమ్మగారికి. దగ్గెలా ఉంది?"

గెంజురో గిన్నె వైపు చాలాసేపు చూశాడు.

"కాస్త నయం. ఇప్పుడే కునుకు పట్టింది."

"లేచాక వేడివేడిగా పట్టించండి. చుక్క మిగిల్చినా ఒప్పుకోను."

"మిసావో లేవగానే చెబుతాను."

గిన్నెను రెండు చేతులా అందుకున్నాడు. చేపలమ్ముకునే ఆడదాని ముందు ఆ తల నడుము దాకా వంగింది. తలుపు మూసుకుంది.

యసుకె ఓతకి చెవి దగ్గరకొచ్చాడు.

"నువ్వెంత వెర్రిదానివక్కా! నేను అవతలి గోడ పక్కనే పడుకుంటా. ఇన్నాళ్లలో ఒక్క దగ్గు వినలేదు. లోపల ఆడమనిషే లేదు. పెళ్లాం పేరు చెప్పి నీ జావ తాగేస్తున్నాడు. పద, తలుపు తీసి చూపిస్తా."

వాడు అడుగేశాడో లేదో, గరిటెతో వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఆ తలుపు మీద చెయ్యి పడిందో, విరిచి పొయ్యిలో పెడతా!"

"నిజం చెబితే కొడతావేంటక్కా?"

లోపల ఎవరో గిన్నె అడుగు ఆత్రంగా గీకుతున్న చప్పుడు. ఓతకి కొంగుతో కళ్లొత్తుకుంది. వాణ్ణి చెయ్యి పట్టుకుని దూరంగా లాక్కెళ్లింది. గొంతు బాగా తగ్గించి అంది:

"ఒరే, పోయిన చలికాలం అమ్మగారికి, దొర నీళ్లు పోస్తుంటే, ఆఖరి స్నానం చేయించింది నేనేరా."