వాగుడుకాయ దారి

"ఈ కోటని చంపింది మీరే! గోడలో పగులు చూపిస్తే దాని మీద సున్నం కొట్టించింది మీరు. ఆ సున్నం మీద 'మన రాజవైభవం' అని బోర్డు తగిలించింది మీరు. ఆ బోర్డు ముందు నిలబడి పళ్ళికిలించి ఫోటోలు దిగిందీ మీరే!"

గేటు దగ్గర రాతి ఏనుగుకి వీపు ఆనించి ఆమె అరుస్తోంది. ఎదురుగా పసుపు రంగు యంత్రం గుర్రుగుర్రుమంటోంది. దాని పక్కన మునిసిపాలిటీ ఇంజనీరు. ఊరు చూడవచ్చిన వాళ్ళని ఈ కోటంతా నడిపించి, కథలు చెప్పి, చివర్లో రాజుల నాటి వంటశాలలో భోజనానికి కూర్చోబెట్టడం ఆమె పని. అందరూ ఆమెని వాగుడుకాయ అంటారు. ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతుంది కూడా.

"పక్కకి జరగండమ్మా. మధ్యాహ్నానికి ఈ చోటు శుభ్రం చెయ్యాలని పైనుంచి ఒత్తిడి. లోపల మనుషులెవరూ లేరని కాగితం కూడా వచ్చింది."

"కాగితం లోపలికెళ్ళి చూసొచ్చిందా? మా తమ్ముడు వంటశాలలో ఉన్నాడు. మీ యంత్రం అటు కదిలిందంటే వాడు చస్తాడు."

"రాత్రి వాన మొదలవగానే అందరినీ ఖాళీ చేయించారు కదా!"

"అందరూ వెళ్ళారు. వాడు వెళ్ళలేదు. పొయ్యి మీద మాంసం ఉడుకుతుంటే వదిలేసి వెళ్ళేవాడు వంటవాడా?"

"అయితే పిలవండి. వస్తాడు."

"పొద్దుట్నుంచీ పిలుస్తూనే ఉన్నాను. పలకడం లేదు."

యంత్రం మీది డ్రైవర్ కిసుక్కున నవ్వాడు. "మీ నోటికి జడిసి ఏ టీకొట్టులోనో కూర్చునుంటాడు లెండి."

ఆమె అతని వైపు చూడనైనా చూడలేదు. "ఇంజనీరు గారూ, నాతో వంటశాల దాకా నడవండి. అక్కడ కూడా వాడు లేడనే మీకు అనిపిస్తే, మీ యంత్రానికి నేనే పూలదండ వేస్తాను."

గేటు బయట జనం ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. మనిషి మాట వినని ఆఫీసరు ఫోనుకి భయపడతాడు. ఇంజనీరు ఒప్పుకున్నాడు. "సరే, త్వరగా కానివ్వండి."

ఆమె ఏనుగు తొండం మీద చెయ్యి వేసి గొంతు సవరించుకుంది. అరుపు పోయి అలవాటైన గొంతు వచ్చింది.

"రండి బాబూ రండి! ఈ ఏనుగుకి ఒకటే దంతం. రెండోది చెక్కేలోపు రాజు గారికి గుర్రాల మీద మోజు పుట్టింది. ఇలా కుడి పక్కకి..."

"ఈ కథలన్నీ ఎందుకమ్మా? వంటశాల ఎటో చూపించండి, చాలు."

ఆమె టక్కున ఆగిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది. మొహం పాలిపోయింది. "ఆపేశారు. పదండి, మళ్ళీ ఏనుగు దగ్గర్నుంచి."

"ఏళ్ళ తరబడి తిరిగిన చోటు. దారి తెలీదా మీకు?"

"నా కాళ్ళకి తెలుసు. నాకు తెలీదు. ఏ మాట ఎక్కడ అయిపోతుందో అక్కడే మలుపు. నోరు ఆడితేనే ఈ కాళ్ళు ఆడతాయి. ఇంకోసారి అడ్డు రాకండి, మీకు దండం పెడతాను."

ఈసారి ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఏనుగు, దంతం, గుర్రాలు, కుడి పక్క. ఇంజనీరు బూట్ల కింద రాయి కదిలింది. తూలి నిలదొక్కుకున్నాడు.

"ఇది రాణుల వసారా. పట్టపగలు కూడా చీకటే. గోడ పట్టుకుని నడవండి."

రాత్రి కూలిన రాళ్ళ గుట్టలే తప్ప అక్కడ గోడ లేదు, కప్పు లేదు; ఇంజనీరు నుదుటి మీద ఎండ చురుక్కుమంటోంది. అయినా చెయ్యి దానంతట అదే గోడ కోసం పక్కకి చాచుకుంది.

"ఇక్కడ తల వంచండి. కమాను కావాలనే కిందికి కట్టారు. కొలువులోకి వచ్చేవాడు ఎంత పొగరుబోతైనా తల దించాలి కదా!"

ఆమె వంగింది. అతనూ వంగాడు. ఎందుకు వంగాడో అతనికే తెలియలేదు.

"ఇది కొలువుకూటం. ఇక్కడ గుసగుసలాడితే వంటశాలలో వినిపిస్తుంది. ఆకలేస్తోందని అరవడం రాజు గారికి నామోషీ మరి!"

రోజూ జనం నవ్వే చోటు అది. ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వులకి పట్టేంత సేపూ ఆమె మాట లేకుండా అలాగే నడిచింది. లేని జనం తన పక్కనే నవ్వుతూ నడుస్తున్నారనిపించి ఇంజనీరు వెనక్కి తిరిగి చూశాడు.

"ఇక వాసన పట్టండి. రాత్రంతా ఉడికిన మాంసం, బొగ్గుల మీద రొట్టె. రాజులు పోయినా పొయ్యి పోలేదు. వండేది మా తమ్ముడు. పేరు గరిటె. భోజనం సిద్ధమైతే గిన్నె అంచు మీద గరిటెతో రెండు దెబ్బలు వేస్తాడు. అంతే, నా వాగుడు ఆగుతుంది, మీ భోజనం మొదలవుతుంది."

ఆమె నిలబడిపోయింది. మాటలు అయిపోయాయి.

సన్నగా పొగ వాసన వచ్చింది.

"యంత్రం ఆపమనండి," అంది మెల్లగా.

ఇంజనీరు చెయ్యెత్తాడు. గుర్రుమనడం ఆగింది. గేటు బయట జనం కూడా నోళ్ళు మూశారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, పసివాణ్ణి నిద్ర లేపుతున్నట్టు గుసగుసగా పిలిచింది.

"ఒరేయ్ గరిటె, అక్కనురా. జనం వచ్చార్రా. ఆకలిగా ఉన్నార్రా."

ఏమీ లేదు. ఇంజనీరు ఆమె భుజం తట్టబోయాడు.

టంగ్.

చాలాసేపటికి ఇంకోటి, నీరసంగా. టంగ్.

ఇంజనీరు చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "ఎక్కడ?" అన్నాడు. "వంటశాల ఎక్కడమ్మా?"

ఆమె కళ్ళు తెరిచింది.

"మీ కాళ్ళ కింద తవ్వండి."