వాగు ఒడ్డు తాళ్లు

ఎనిమిది తాటిచెట్ల కింద నలుగురు గీత కార్మికులు తలలెత్తి నిలబడ్డారు.

ఎక్కడానికి మాత్రం ఎవరూ నడుముకు మోకు బిగించలేదు.

ఆ చెట్లు గీసే లక్ష్మీరాజం చనిపోయి రెండు రోజులైంది. నాలుగు పూటలుగా ఆ గెలలకు కత్తి తగల్లేదు. ఎండలు చూస్తే మాడ్చేస్తున్నాయి. ఇంకో రెండు మూడు రోజులు గీయకపోతే గెలలు ఎండిపోతాయి. ఇక ఈ ఏడాదికి ఆ ఇంటికి కల్లు లేనట్టే.

గీసేవాళ్లలో ఒకరు పోతే, దినాలు అయ్యేదాకా మిగతావాళ్లు అతని తాళ్లెక్కి కల్లు ఆ ఇంటికి చేర్చడం ఆ ఊరి రివాజు. పెగడపల్లి పక్కనే ఉన్న చిన్న ఊరు అది. అయితే లక్ష్మీరాజం తాళ్లు అందరివాటికీ దూరంగా, వాగు ఒడ్డున ఉన్నాయి. వాటి పక్కన ఉన్నవి ఆ నలుగురిలో ఒకడైన పోశం తాళ్లే.

"పోశం, నువ్వు రెండు పూటల గీడికి అచ్చేటోనివే. గీ ఎనిమిది గూడ సూడు" అన్నాడు సంఘం పెద్ద జలపతి.

"నేనెక్క."

"గదేందిరా?"

"నిరుడు తాటిచెట్టు మీదికెల్లి పడి, కాలిరిగి నలభై దినాలు మంచంల ఉన్న. గప్పుడు గీ లక్ష్మీరాజం నా తాళ్లెక్కిండా? సిరిసిల్లల బట్ట నేసే సాంచాల పని ఇడిచిపెట్టి మా బామ్మర్ది కొమురయ్య అచ్చి ఎక్కిండు. గీయనేం జేసిండు? రోజు అచ్చి పండ్లికిలించిపోయిండు."

పండ్లికిలించిన మాట నిజమే.

ఆ నలభై రోజులూ పొద్దున తొమ్మిదింటికల్లా లక్ష్మీరాజం చెమటలు కారుకుంటూ వచ్చి మంచం పట్టె మీద కూర్చునేవాడు.

"మంచమెక్కినవు గద పోశం, మోకు కట్టుకున్నవా? మల్ల పడుతవ్!"

పోశం భార్య రాజమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పోశానికి ఒళ్లు మండేది. నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఆ తిట్లన్నీ కులాసాగా విని, చెంబెడు నీళ్లు తాగి, లక్ష్మీరాజం వడ్ల సెంటర్‌కి బస్తాలు మోయడానికి పోయేవాడు.

పొద్దున తాళ్లు, పగలు బస్తాలు, మాపున మళ్లీ తాళ్లు. ఆ రెక్కల మీదే పెద్దబిడ్డ శోభ పెళ్లి చేశాడు. చిన్నది శ్రావణిని జగిత్యాలలో డిగ్రీ చదివిస్తున్నాడు. శోభను కోరుట్లకు అత్తగారింటికి పంపే రోజు ఇల్లంతా ఏడుస్తుంటే, "అల్లుడా, మా బిడ్డకు కోపమస్తె నువ్వు బయట గూసో. ఇరవై ఐదేండ్ల సంది నేను గదే జేస్తున్న" అని అందరినీ నవ్వించాడు. ఆ తర్వాత కొట్టం వెనక్కి పోయి దస్తీతో కళ్లు ఒత్తుకున్నాడు. అది చూసింది పోశం ఒక్కడే.

మొన్న మంగళవారం వడ్ల సెంటర్‌లో పరాచికాలాడుతూ ఆడుతూనే బస్తాల మీదికి ఒరిగిపోయాడు. ఇదీ వేళాకోళమే అనుకుని కాసేపు ఎవరూ లేపలేదు.

తాళ్ల కింద జలపతి పోశాన్ని ఇక బతిమాలలేదు. అందరూ వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చే దారిలో లక్ష్మీరాజం వాకిలి కనబడింది. బోర్లించిన కల్లు లొట్ల పక్కన అతని భార్య మొగిలవ్వ గోడకానుకుని కూర్చుంది. పోశాన్ని చూసి కూడా ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు చెప్పేవాడు. అడగకపోయేసరికి పోశం కళ్లు ఆ లొట్ల మీదే ఉండిపోయాయి.

కానీ నలుగురిలో అన్న మాట ఎట్లా వెనక్కి తీసుకుంటాడు? మాట పోవద్దు, తాళ్లూ పోవద్దు. కొమురయ్యకు ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, పది దినాలు సెలవు బెట్టి రా. నిరుడు నావి ఎట్ల గీసినవో, లక్ష్మీరాజంవి గూడ గట్లనే గియ్యాలె."

"నేనా బావా?"

"నువ్వు గాక ఇంకెవరు?"

మర్నాడు మధ్యాహ్నం కొమురయ్య బస్సు దిగాడు. పోశం అతన్ని నేరుగా వాగు ఒడ్డుకు తీసుకెళ్లి తన మోకు చేతికిచ్చాడు.

కొమురయ్య దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి తాటి మొదట్లో కూలబడ్డాడు.

"బావా, సాంచాల మీద వడ్డంక నాకు తాడెక్కుడు చాతనైతలేదు. నాలుగడుగులు ఎక్కంగనే కండ్లు తిరుగుతయ్."

"మరి నిరుడు నా తాళ్లు?"

"నేను కింద నిలవడి లొట్లందుకున్న. పొద్దు పొడవక ముందు ఒకపాలి, మాపున ఒకపాలి."

"మీదికెల్లి అందిచ్చిందెవరు?"

కొమురయ్య తలెత్తి ఆ ఎనిమిది తాళ్లకేసి చూశాడు.

పోశం కొమురయ్య చేతిలోంచి మోకు లాక్కుని, లక్ష్మీరాజం మొదటి తాటికి చుట్టాడు. విరిగి అతికిన కాలు పంటి బిగువున ఆనించి ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దూరం పోయాక ఆగాడు. కిందికి చూడకుండానే అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"లక్ష్మీరాజం ఒట్టేయించుకున్నడు బావా. 'పోశంకు తెలిస్తే నాకు దండం బెడుతడు, తిట్టుడు బంద్ జేస్తడు, గాయన తిట్లు వడకుంటె నాకు బస్తాలు మోయ బుద్ధి గాదు' అన్నడు."