కొంగుముడిలో మూడు ముక్కలు

యాకమ్మ ఆకు దొంగిలిస్తోందని సుభాష్‌కు సోమవారం తెలిసింది. బుధవారం దాకా ఆగాడు. ఆ సాయంత్రం గేటు దగ్గర సూపర్‌వైజర్ సుమన ఆమె కొంగుముడి విప్పించింది. మూడు పొగాకు ముక్కలు బయటపడ్డాయి. ఒక్కోటి ఒక్కో బేలుది, అంటే ఒక్కో ఆకుమూటది.

జనగామలో హైదరాబాద్ రోడ్డు పక్కనున్న సుభాష్ షెడ్డులో పెద్ద సిగార్లు చుడతారు. జానెడు పొడవు, బొటనవేలు మందం. లోపల మూడు రకాల ఆకు కలుపుతారు. ఒకటి ఘాటుకు, ఒకటి వాసనకు, ఒకటి నిప్పు ఆరకుండా ఉండటానికి. ఏ బేలూ ముందటి బేలులా ఉండదు. కొత్తది విప్పినప్పుడల్లా ఏ ఆకు ఎంత కలపాలో పోశాలు చెప్పాలి. పోశాలు యాకమ్మ భర్త. ఆమె ఆ షెడ్డే ఊడుస్తుంది.

పోశాలు కళ్లు మూసుకుని ఆకును ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. చూడవచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుంటారు. లెక్క మాత్రం ఆ రోజే చెప్పడు. "తెల్లారి చెప్త సార్" అంటాడు. పనితనం అంటే అదీ అని సుభాష్ అందరికీ చెబుతుంటాడు.

"ఎందుకు తీసినవ్ యాకమ్మా?" గేటు దగ్గరినుంచి షెడ్డులోకి పిలిపించి సుభాష్ అడిగాడు.

"చుట్టకు సార్."

"చుట్టకైతే ఒక్క రకం చాలదా? మూడెందుకు?"

"ఒక్క రకానికి నాలుక మొద్దుబారింది సార్."

"కేసముద్రంల కొత్త షెడ్డు పెడుతున్నోళ్లకు అమ్ముతున్నవా? ఎన్ని రోజులసంది?"

"అమ్ముడేంది సార్. చుట్టకే."

సుభాష్ అక్కడే నిలబడ్డ పోశాలు వైపు తిరిగాడు. "చూసినవా పోశాలన్నా? నీ ముక్కును అమ్ముకుంటున్నది నీ ఇంటామె."

పోశాలు నోరు తెరిచాడు.

"నువ్వు ఊకో" అంది యాకమ్మ. "పోతే నా పని పోతది. నీది ఉండనీ."

పోలీసులకు చెప్పనని, రేపటినుంచి రావద్దని సుభాష్ అన్నాడు. ఆమె చీపురు మూలకు పెట్టి వెళ్లిపోయింది. ఆకు ముక్కలను సుమన సొరుగులో పెట్టి తాళం వేసింది.

గురువారం పదింటికి హైదరాబాద్ హోటల్ వాళ్లు ఇద్దరు వచ్చారు. ఏడాది ఆర్డరు. కిందటిసారి తాగిన రుచే రావాలి. రాకపోతే ఆర్డరు లేదు, షెడ్డులో చుట్టే నలభై మందికి పని లేదు. తమ ఎదుటే కలిపి చుట్టమన్నారు.

పోశాలు నిన్న విప్పిన బేళ్ల ముందు కూర్చున్నాడు. కళ్లు మూసుకుని ఒక ఆకును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. హోటల్ వాళ్లు ఫొటో తీశారు.

"చెప్పన్నా, ఏది ఎంత?" అన్నాడు సుభాష్.

పోశాలు రెండో ఆకు తీశాడు. మూడోది తీశాడు. మళ్లీ మొదటిది తీశాడు. సుభాష్ ఇంకోసారి అడిగాడు.

పోశాలు ఆకు కింద పెట్టాడు.

"జర యాకమ్మను పిలిపియ్యుండ్రి సార్. కరోనా వచ్చిపోయినకాన్నుంచి నాకు ఏ వాసనా తెల్వది."