ఆకుపచ్చ బ్యాండు

పదో సర్వీసు కూడా గీత లోపలే పడింది. ప్రవీణ పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపింది. మణికట్టుకు అప్పటికే ఎర్ర బ్యాండు, నారింజ బ్యాండు ఉన్నాయి. పదికి పది పడితే ఆకుపచ్చది. అది కట్టుకున్నవాళ్లకు హైదరాబాదు హాస్టల్లో సీటు.

"ఇంకో పది కొట్టు" అన్నాడు టెన్నిస్ సార్ ఎటో చూస్తూ.

"నిన్న గూడ గిట్లనే అన్నరు సార్. నాతోని నేర్చుకునే సృజనకు ఎనిమిదికే కట్టిన్రు గద!"

ఆయన చూపు పోయిన వైపే ప్రవీణా చూసింది. రోజూ టిఫిను తెచ్చి, గోడ పక్కన నిలబడి చప్పట్లు కొట్టే తల్లి బాలమణి తల దించుకుంది.

"కట్టద్దని నువ్వే చెప్పినవా అమ్మా?"

"సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు బందైనయి బిడ్డా. ఎల్లుండి మగ్గాల పనికి భీవండి పోతున్నం. ఆడ నువ్వు నూలు కండెలు చుట్టకుంటే ఇల్లెట్ల గడుస్తది? బ్యాండు కడితే హాస్టలుకు పోతనంటవు. కట్టకుంటే, నీకే ఆట రాదనుకొని మాతోని అస్తవనుకున్న."

ప్రవీణ ఏడవలేదు. చేతికున్న రెండు బ్యాండ్లూ విప్పి తల్లి అరచేతిలో పెట్టింది.

"గివన్న నేను గెలిచినవేనా అమ్మా? గివి గూడ నువ్వే కట్టిపిచ్చినవా?"