చిల్లు నాణెం

"చిల్లు పడ్డ నాణేన్ని చూడ్డానికి ఇంత తొక్కిసలాటా?" అంటూ లయొనెల్ జనాన్ని తోసుకుని చెల్లెలి బల్ల దగ్గరికి వచ్చాడు.

యార్క్ నాణేల సంఘం వారి ప్రదర్శన అది. అతని బల్ల మీదా అలాంటిదే ఉంది. మొదటి చార్లెస్ రాజు కాలంలో సుత్తితో కొట్టి అచ్చువేసిన, దేవదూత బొమ్మ ఉన్న బంగారు 'ఏంజెల్'. దాని మీద చిన్న గీత కూడా లేదు. దాని కోసం అతను కారు అమ్ముకున్నాడు. అయినా దానివైపు ఎవరూ తొంగిచూడలేదు.

"కంఠమాల రోగం పట్టినవాళ్ళని నయమవ్వాలని రాజు ముట్టుకుని, చిల్లులో రిబ్బను దూర్చి మెడలో ఇది కట్టేవాడట కదా అన్నయ్యా! అదే అడుగుతున్నారు," అంది హెస్టర్.

"కబుర్లు బానే చెప్తావు. ఏదీ, ఇలా ఇవ్వు."

భూతద్దం పెట్టి చూశాడు. వంక దొరకగానే అతని మొహం వెలిగిపోయింది.

"చిల్లు ఒక్కటే అనుకున్నావా? దాని పైఅంచు చూడవే, రిబ్బను రాపిడికి ఎలా అరిగిపోయిందో! దేవదూత మొహం కూడా ఒంటికి రాసుకుని చదునైపోయింది. ఏడాదికో రెండేళ్ళకో ఇంత అరగదు. ఎవరో జీవితాంతం మెడలోంచి తియ్యకుండా..."

భూతద్దం దించేశాడు.

"అంటే ఆ రోగి బతికాడన్నమాట," అంది హెస్టర్ మెల్లగా. "నాకిన్నాళ్ళూ తట్టనే లేదు."

లయొనెల్ నాణేన్ని తిరిగి ఇవ్వలేదు. "నాది తీసుకుని ఇది నాకిచ్చెయ్యవే," అన్నాడు.

హెస్టర్ తల అడ్డంగా ఊపి చెయ్యి చాపింది.

చాలాసేపటికి గాని అతను పిడికిలి విప్పలేదు.